పిల్లల టీకాలు: తల్లిదండ్రులు తెలుసుకుని నిర్ణయం తీసుకోవడం ఎలా?

బిడ్డ పుట్టిన మొదటి రోజే మూడు టీకాల విషయం తల్లిదండ్రుల ముందుకు వస్తుంది: క్షయ రాకుండా బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. వీటిలో హెపటైటిస్-బి టీకాను 24 గంటల లోపే వేయాలి. తల్లి రక్తంలో ఆ వైరస్ ఉంటే అది కాన్పు సమయంలోనే బిడ్డకు సోకే అవకాశం ఉంది. పురిట్లో సోకిన వైరస్ చాలామందిలో జీవితాంతం ఉండిపోయి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తల్లి అలసిపోయి ఉంటుంది, తండ్రి మందుల చీటీలు పట్టుకుని తిరుగుతూ ఉంటాడు. ఆ సమయంలో నర్సు వచ్చి టీకా వేయాలంటే, ఏమీ అడగకుండా తలూపడమో, భయపడి తర్వాత చూద్దామనడమో జరుగుతుంది. ఈ రెండింటిలో ఏదీ తెలిసి తీసుకున్న నిర్ణయం కాదు. కాబట్టి ఈ పనిని గర్భం ఏడో నెలలో ఉన్నప్పుడే, తీరిగ్గా కూర్చుని మొదలుపెట్టండి.

టీకా గురించి అడగడం సిబ్బందిని అవమానించడం అవుతుందేమోనని చాలామంది సంకోచిస్తారు. ఆ సంకోచం అక్కర్లేదు. 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, అక్కడి పాఠశాలల్లో తలపెట్టిన తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం విషయంలో, తల్లిదండ్రుల అంగీకారం లేకుండా పిల్లలకు టీకా వేయరాదనీ, దుష్ప్రభావాల గురించీ, ఎవరికి ఆ టీకా వేయకూడదన్న దాని గురించీ ముందే తెలియజేయాలనీ స్పష్టంగా చెప్పింది. అడిగి తెలుసుకోవడం మీ హక్కు. అలా అడిగి తెలుసుకున్నవారే మధ్యలో మానేయకుండా చివరిదాకా టీకాలు వేయిస్తారని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి పని: కార్డు, పట్టిక చేతికి తీసుకోండి

గర్భిణిగా పేరు నమోదు చేయించుకున్నప్పుడు ఏఎన్ఎం ఇచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోనే టీకాల పట్టిక ఉంటుంది. ప్రభుత్వ కార్యక్రమంలో ఆ పట్టిక ఇలా నడుస్తుంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ సూది, పోలియో చుక్కలు, రోటావైరస్ టీకా ఇస్తారు. ఆరో వారంలోనూ పద్నాలుగో వారంలోనూ వీటితో పాటు న్యుమోనియా టీకా, పోలియో ఇంజెక్షన్ కూడా ఉంటాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి డోసు, న్యుమోనియా టీకా బూస్టరు (రక్షణను మళ్లీ బలపరిచే డోసు), పోలియో ఇంజెక్షన్ మూడో డోసు, విటమిన్-ఎ ద్రవం ఇస్తారు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టరు, పోలియో చుక్కల బూస్టరు వేస్తారు. మెదడువాపు (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) టీకా మాత్రం ఆ జబ్బు కనిపించే జిల్లాల్లోనే ఇస్తారు కాబట్టి మీ జిల్లాలో ఉందో లేదో ఆశా కార్యకర్తను అడగండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బుధ, శనివారాలు టీకాల రోజులుగా స్థిరపడ్డాయి. మీ ఉపకేంద్రంలో ఏ రోజు, అంగన్‌వాడీలో ఏ రోజు అన్నది కార్డు వెనుక రాసిపెట్టుకోండి. టీకాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే యూ-విన్‌లో పేరు నమోదు చేయిస్తే టీకాల వివరాలు ఫోనులోనూ ఉంటాయి. అయినా కాగితం కార్డును పారేయవద్దు.

రెండో పని: ఏ టీకా ఏ జబ్బును ఆపుతుందో తెలుసుకోండి

సూది వల్ల వచ్చే జ్వరం మన కళ్లకు కనిపిస్తుంది, సూది ఆపిన జబ్బు కనిపించదు. తల్లిదండ్రుల భయంలో సగం ఇక్కడే పుడుతుంది. పెంటావాలెంట్ ఒకే సూదిలో ఐదింటిని ఆపుతుంది: డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, మెదడు పొరల వాపునూ న్యుమోనియానూ కలిగించే హిబ్ బ్యాక్టీరియా. వీటిలో డిఫ్తీరియా పాతకాలం జబ్బని అనుకోవద్దు. గొంతులో బూడిదరంగు పొర పేరుకుని ఊపిరి ఆడనివ్వని, దాని విషం గుండెకు చేరితే ప్రాణం తీసే ఈ జబ్బుతో హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి పిల్లలు ఇప్పటికీ వస్తున్నారు. కోరింత దగ్గు పెద్దవారిలో విడవని దగ్గులా మొదలై, రెండు నెలల పసికందుకు అంటితే ఊపిరి ఆగిపోయే స్థితికి తెస్తుంది. ఆరో వారాన్ని దాటనివ్వకుండా పెంటావాలెంట్ మొదలుపెట్టమనడానికి ముఖ్య కారణం ఇదే.

పోలియో విషయంలో ఒక ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది: చుక్కలు వేశాక మళ్లీ ఇంజెక్షన్ ఎందుకని. చుక్కల మందులో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. అది పేగులో రక్షణ కల్పిస్తుంది, అయితే లక్షల్లో ఒకరికి అదే పక్షవాతం తెచ్చే ప్రమాదం కూడా ఉంది. టీకాలు తక్కువగా పడిన చోట ఆ వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకుతూ తిరిగి బలం పుంజుకోగలదు. ఇంజెక్షన్‌లో ఉన్నది చంపిన వైరస్ కాబట్టి ఆ ప్రమాదం లేదు, పైగా అది రక్తంలో రక్షణ ఇస్తుంది. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహితంగా ధ్రువీకరణ దక్కింది. ఆ తర్వాత 2016లో హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి మార్పు చెందిన వైరస్ దొరికింది. ఒక్క బిడ్డకైనా జబ్బు రాకముందే సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ ఇచ్చారు. చుక్కలూ ఇంజెక్షనూ రెండూ అవసరమని చెప్పేది ఇందుకే.

రోటావైరస్ విరేచనాలకు ఇచ్చే టీకాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో తయారైనదే. 2016లో ఈ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలోకి తెచ్చిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మూడో పని: సందేహాన్ని కాగితం మీద పెట్టండి

మనసులో తిరిగే భయానికి ఎవరూ జవాబు చెప్పలేరు. అదే ఒక ప్రశ్నగా రాస్తే డాక్టరు జవాబు చెప్పగలరు. 'టీకాలు మంచివి కావట' అన్న మాటను 'ఏ టీకా వల్ల, ఏ వయసులో, ఏమవుతుందని అంటున్నారు' అన్న ప్రశ్నగా మార్చి రాయండి. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను కూడా ఇలాగే పరీక్షించండి: అందులో టీకా పేరు ఉందా, ఊరు, తేదీ ఉన్నాయా, ఆ బిడ్డను చూసిన వైద్యులు ఏమని తేల్చారో ఉందా? ఇవేవీ లేని వీడియోను బట్టి బిడ్డ విషయంలో నిర్ణయం తీసుకోవద్దు.

టీకాల వల్ల ఆటిజం అనే ఎదుగుదల సమస్య వస్తుందన్న భయానికి ఒక చరిత్ర ఉంది. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ వైద్యుడు కేవలం 12 మంది పిల్లల వివరాలతో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసం తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలను ఆపే ఎంఎంఆర్ టీకాపై అనుమానం రేపింది. 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అదే సంవత్సరం ఆయన పేరును అక్కడి వైద్యుల జాబితా నుంచి తొలగించారు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో టీకా వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ ఆటిజంలో తేడా కనబడలేదు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రులకు స్పష్టంగా తెలిసే వయసూ, ఏడాదిన్నర టీకాల వయసూ ఒకటే కావడం వల్ల రెండూ ముడిపడినట్టు అనిపిస్తుంది. బిడ్డ ఎదుగుదలపై అనుమానం ఉంటే దానికి వెంటనే పరీక్ష చేయించండి, టీకాను మాత్రం ఆపవద్దు.

ప్రమాదాన్ని తూచేటప్పుడు రెండు వైపులా అంకెలు పెట్టుకోండి. తట్టు టీకా వేసిన మూడు వేల మందిలో సుమారు ఒకరికి జ్వరంతో కూడిన ఫిట్స్ రావచ్చు. చూడటానికి భయం వేసినా ఇవి సాధారణంగా శాశ్వత హాని చేయవు. సుమారు 30,000 మందిలో ఒకరికి రక్తంలో ప్లేట్‌లెట్లు కొన్నాళ్లు తగ్గవచ్చు. ఒళ్లంతా ఒక్కసారిగా స్పందించే తీవ్రమైన అలర్జీ దాదాపు పది లక్షల డోసులకు ఒకసారి కనిపిస్తుంది. మరోవైపు తట్టు వచ్చిన ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది, న్యుమోనియా అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది. రక్షణ లేని సమూహంలో తట్టు సోకిన ఒక బిడ్డ నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. తొమ్మిది నెలల డోసుతో సుమారు 85 శాతం మందికే రక్షణ వస్తుంది, అందుకే రెండో డోసు తప్పనిసరి. టీకాను వాయిదా వేయడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ప్రమాదం ఉంటుంది.

నాలుగో పని: ప్రభుత్వ కేంద్రమా, ప్రైవేటు ఆసుపత్రా తేల్చుకోండి

ఉచితంగా ఇచ్చేది తక్కువ రకమన్న అభిప్రాయం తప్పు. ముఖ్యమైన జబ్బులన్నింటికీ ప్రభుత్వ కేంద్రంలో టీకా ఉంది. ప్రైవేటులో అదనంగా దొరికేవి మరికొన్ని ఉన్నాయి: టైఫాయిడ్, ఆటలమ్మ, హెపటైటిస్-ఎ, ఫ్లూ, గవదబిళ్లలను కూడా కలిపి ఆపే ఎంఎంఆర్. వీటిని పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సిఫారసు చేస్తుంది. డాక్టరు ఇవి రాసినప్పుడు ఒక్కోదాని గురించి అడగండి: ఈ జబ్బు మన ప్రాంతంలో ఎంత ఎక్కువ, నా బిడ్డకు వస్తే ఎంత తీవ్రంగా ఉండవచ్చు, రక్షణ ఎన్నేళ్లు, ఎన్ని డోసులు, మొత్తం ఖర్చు ఎంత. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్న కుటుంబానికి నా సలహా అడిగితే, తాగునీటి మీద నమ్మకం లేని మన ఊళ్లలో టైఫాయిడ్ టీకాను ముందు పెడతాను, ఎంఎంఆర్‌ను ఆ తర్వాత. ప్రభుత్వ కేంద్రంలో పట్టికలోవన్నీ వేయించి, కావలసిన ఒకటి రెండింటిని మాత్రమే ప్రైవేటులో వేయించుకోవచ్చు. అలా చేస్తే రెండు చోట్లా అదే కార్డు చూపించండి.

'నొప్పి లేని టీకా' గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువ డబ్బు పెట్టేదీ, తక్కువ తెలుసుకునేదీ ఇక్కడే. కోరింత దగ్గు బ్యాక్టీరియాను చంపి మొత్తంగా వాడితే అది పాత పద్ధతి టీకా. ప్రభుత్వ పెంటావాలెంట్ ఈ రకమే. ఆ బ్యాక్టీరియాలోని కొన్ని భాగాలను మాత్రమే తీసి వాడితే అది నొప్పి లేనిదని చెప్పే రకం. రెండో రకంలో జ్వరం, వాపు తక్కువన్నది నిజం. అయితే దాని రక్షణ త్వరగా తగ్గిపోతుందన్నదీ నిజమే. అందుకే మొదటి మూడు డోసులకు పాత పద్ధతి టీకానే మేలని పిల్లల డాక్టర్ల సంఘం చెబుతూ వచ్చింది. ఒకటి రెండు రోజుల జ్వరాన్ని తట్టుకుంటే ఎక్కువ కాలం నిలిచే రక్షణ దొరుకుతుందన్నది తెలిశాకే డబ్బు గురించి ఆలోచించండి.

ఐదో పని: టీకా రోజున ఏం చెప్పాలి, ఏం చూడాలి

జలుబు, కొద్దిపాటి దగ్గు, స్వల్ప జ్వరం, మామూలు విరేచనాలు టీకా ఆపడానికి కారణాలు కావు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైనా పుట్టిన తేదీ నుంచే లెక్క. కానీ కొన్ని విషయాలు సూదికి ముందే చెప్పి తీరాలి: గత డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చిందా, ఫిట్స్ వచ్చాయా, బిడ్డకు రోగనిరోధక శక్తి లోపం ఉందా, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతున్నారా, ఈ మధ్య రక్తం ఎక్కించారా, పేగు ముడుచుకుపోయిన చరిత్ర ఉందా. వీటిలో ఏది ఉన్నా టీకా మార్చాలా, వాయిదా వేయాలా అన్నది డాక్టరు చెప్పాలి.

తర్వాత సీసాను చూపించమనండి. ప్రభుత్వ సీసాల మీద ఊదారంగు వలయం, దాని మధ్యలో చిన్న చతురస్రం ఉంటాయి. చతురస్రం వలయం కంటే తెల్లగా ఉంటే టీకా వాడవచ్చు. వేడి తగిలిన కొద్దీ అది నల్లబడుతూ వస్తుంది. వలయంతో సమానంగానో, అంతకంటే ముదురుగానో మారితే ఆ సీసా వాడకూడదు. బీసీజీ, తట్టు-రుబెల్లా టీకాలను పొడిలో ద్రవం కలిపి తయారు చేస్తారు కాబట్టి కలిపిన నాలుగు గంటల తర్వాత మిగిలినదంతా పారేయాలి. కలిపిన సమయం సీసా మీద రాసి ఉండాలి. ప్రైవేటులో కొన్ని సీసాలకు ఆ ఊదా గుర్తు ఉండదు, అక్కడ గడువు తేదీ చూసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంచారా అని అడగండి. కరెంటు తరచూ పోయే ఊరైతే ఆ ప్రశ్న తప్పకుండా వేయండి.

సూది వేసేటప్పుడు బిడ్డను ఒళ్లో నిటారుగా పట్టుకోండి, చనుబాలు పట్టండి, నొప్పి తగ్గుతుంది. వేసిన తర్వాత అరగంట అక్కడే ఉండండి, ఎందుకంటే తీవ్రమైన అలర్జీ వస్తే దాదాపు ఆ వ్యవధిలోనే వస్తుంది, దానికి వెంటనే ఇవ్వాల్సిన మందు కేంద్రంలోనే ఉంటుంది. వెళ్లే ముందు ఏఎన్ఎం నాలుగు మాటలు చెప్పాలన్నది నియమం: ఏ టీకా వేశారు, ఏ ఇబ్బందులు రావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు భద్రంగా తీసుకురావాలి. రద్దీలో చెప్పకపోతే 'అమ్మా, ఇవాళ ఏమేం వేశారో ఒకసారి చెప్పండి' అని మీరే అడగండి.

ఆరో పని: ఇంటికి వచ్చాక గమనించండి

పెంటావాలెంట్ వేసిన తొడ వాచి, గట్టిపడి, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. చల్లని తడిగుడ్డ వేయండి. రుద్దవద్దు, వేడి కాపడం పెట్టవద్దు. తట్టు-రుబెల్లా వేసిన ఏడు నుంచి పన్నెండు రోజులకు కొద్దిపాటి జ్వరం, ఒంటిపై దద్దుర్లు కనిపించవచ్చు. బీసీజీ వేసిన చోట రెండు మూడు వారాలకు చిన్న పొక్కు లేచి, చీము పట్టి, కొన్ని వారాల్లో మచ్చగా మిగులుతుంది. దానికి పసుపు, ఆకు పసరు, ఆయింట్‌మెంటు ఏదీ పెట్టకండి.

జ్వరం మందు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త వహించాలి. 2019 మార్చిలో హైదరాబాద్‌లో టీకాల తర్వాత పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే బలమైన నొప్పి మాత్రలు ఇవ్వడంతో పిల్లలు ఆసుపత్రుల పాలై, ప్రాణనష్టం జరిగింది. ఆ ఘటనలో లోపం టీకాలో లేదు, మాత్రలో ఉంది. అందువల్ల ఇచ్చిన మాత్రల పట్టీ మీద పేరు చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. పారాసెటమాల్ మోతాదు బరువును బట్టి ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 ఉంటాయి, అంటే చుక్కల మందు నాలుగు రెట్లు గాఢమైనది. సిరప్ కొలతను చుక్కల మందుకు వాడితే పసిబిడ్డకు అపాయం. బిడ్డను తూచి, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకొకసారి అన్నది కార్డు మీదే రాయించుకోండి.

మూడు గంటలకు పైగా ఆగని ఏడుపు, పాలు పట్టకపోవడం, ఒళ్లు వాలిపోవడం, ఫిట్స్, ఊపిరి కష్టం కనిపిస్తే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. రోటావైరస్ టీకా తర్వాత ఆగని వాంతులు, మలంలో రక్తం ఉన్నా అంతే. తర్వాత ఆ విషయాన్ని ఏఎన్ఎంకు గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు గానీ తప్పక తెలియజేయండి. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు మీరే చెప్పవచ్చు. అలా నమోదైన ప్రతి తీవ్రమైన కేసునూ జిల్లా స్థాయిలో విచారించాలి. చెప్పకుండా ఇంట్లోనే దాచుకుంటే అసలు కారణం ఎవరికీ తెలియదు, ఊళ్లో మాత్రం పుకారు మిగులుతుంది.

డోసు తప్పితే

మన కుటుంబాల్లో డోసులు తప్పడానికి భయం కంటే పుట్టింటి నుంచి అత్తింటికి మారడమే పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరిగి వస్తుంది. కార్డు అమ్మమ్మ గారింటి బీరువాలో ఉండిపోతుంది, ఇక్కడి ఆశా జాబితాలో బిడ్డ పేరు ఉండదు. ఇటుక బట్టీలకో, కట్టడం పనులకో వలస వెళ్లే కుటుంబాల పిల్లలదీ ఇదే పరిస్థితి. ఊరు మారే ముందు కార్డులోని ప్రతి పేజీకీ ఫోటో తీసుకోండి, చేరిన మొదటి వారంలోనే కొత్త ఊరి ఆశాను కలవండి.

ఎంత ఆలస్యమైనా మొదటి నుంచి మళ్లీ వేయనక్కర్లేదు. ఆగిన చోటు నుంచి, డోసుకూ డోసుకూ కనీసం నాలుగు వారాలు ఉంచి కొనసాగిస్తారు. అయితే ప్రభుత్వ కార్యక్రమంలో బీసీజీ, రోటావైరస్, పెంటావాలెంట్ మొదటి డోసు ఏడాది నిండేలోపే మొదలుకావాలి కాబట్టి ఆ గడువు దాటనివ్వవద్దు.

అమెరికా వెళ్లే ఆలోచన ఉన్న కుటుంబాలు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అక్కడి బడుల్లో ఏడాది నిండాక వేసిన ఎంఎంఆర్ డోసులనే లెక్కిస్తారు, ఇక్కడ తొమ్మిది నెలలకు వేసినది లెక్కలోకి రాదు. ఆటలమ్మ టీకా కూడా అడుగుతారు. తేదీలు స్పష్టంగా కనిపించే కార్డు మీద డాక్టరు సంతకంతో, ముద్రతో వెళ్లండి.

రెండేళ్లు దాటగానే టీకాలు అయిపోయాయని కార్డును లోపల పెట్టేయడం సర్వసాధారణం. డీపీటీ రెండో బూస్టరు ఐదు నుంచి ఆరేళ్ల మధ్య ఉంటుంది, డిఫ్తీరియా రక్షణ సన్నగిల్లేది ఆ వయసులోనే. ఒకటో తరగతిలో చేర్పించడానికి జనన ధ్రువపత్రం తీసే రోజునే ఈ కార్డును కూడా బయటకు తీసి, ఆ గడి ఖాళీగా ఉందేమో చూడండి. ఆ తర్వాత పదేళ్లకూ పదహారేళ్లకూ ధనుర్వాతం, డిఫ్తీరియా కలిపిన టీడీ టీకా ఉంది. బడిలో వేస్తే తేదీ రాయించుకోండి, వేయకపోతే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి వేయించండి.